పెళ్లి ఫొటోగ్రఫీ మొదలుపెట్టే ముందు

పెళ్లిలో ఏ ఘట్టమూ రెండోసారి జరగదు. కెమెరా మొరాయించిందనో, మెమరీ కార్డు పాడైందనో చెబితే వినేవాళ్లుండరు. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఖరీదైన లెన్సు కంటే ముందు రెండో కెమెరా సంగతి చూసుకోవాలి. కొనలేకపోతే అద్దెకు తెచ్చుకోండి. ఒక్క కెమెరా బాడీతో మాత్రం పెళ్లి ఒప్పుకోకండి.

రెండు కార్డు స్లాట్లుంటే రెండింటిలోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి. మొదటిది నిండాక రెండోదానికి వెళ్లే సెట్టింగులో వదిలేస్తే స్లాట్లు రెండున్నా బ్యాకప్ లేనట్టే. రెండు కెమెరాల గడియారాలూ ఆ రోజు పొద్దున్నే సెకన్లతో సహా కలపండి. లేకపోతే ఫొటోలన్నీ ఒకచోట చేర్చాక ఏది ముందో ఏది తర్వాతో తేల్చడానికే ఓ పూట పోతుంది.

లెన్సుల్లో 24-70 మి.మీ. ఎఫ్ 2.8 జూమ్ ఒక్కటే రోజంతా లాక్కొస్తుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువొస్తుంది, కానీ ముందూ వెనకా ఉన్నవి అంతగా మసకబారతాయి. విడిగా ముఖాలు తీయడానికి 85 మి.మీ. ఎఫ్ 1.8 తోడైతే మొదట్లో చాలు.

ఎక్కువ ఫొటోలు పాడయ్యేది షట్టర్ దగ్గరే. మసక వెలుతురులో ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచడానికి జంకి షట్టర్ వేగం తగ్గించేస్తారు. గ్రెయిన్ (ఇసక రేణువుల్లాంటి చుక్కలు) వచ్చిన ఫొటోని ఎడిటింగులో బాగుచేయొచ్చు, కదిలిపోయిన ముఖాన్ని బాగుచేయలేం. నిలబడ్డవాళ్లకి 1/160 సెకను, నడిచేవాళ్లకి 1/250, డాన్సుకి 1/500 పెట్టి, ఐఎస్‌ఓని 3200, అవసరమైతే 6400 దాకా పోనివ్వండి. అయితే ఒక చిక్కుంది. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట కొన్ని ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ, సైలెంట్ షట్టర్‌తో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) తీస్తే ఫొటోకి అడ్డంగా చీకటి పట్టీలు పడతాయి. అలాంటి హాల్లో మెకానికల్ షట్టర్‌కి మారి 1/100 దగ్గర ఉండండి. కదలిక ఎక్కువైతే ఫ్లాష్ సాయం తీసుకోండి.

ఫ్లాష్‌ని సూటిగా ముఖం మీద కొట్టకండి. తెల్లటి సీలింగు తక్కువ ఎత్తులో ఉంటే పైకి తిప్పండి. రంగు గోడకి కొడితే ఆ రంగే చర్మం మీదికొస్తుంది. పసుపు వెలుగు బల్బులుంటే ఫ్లాష్‌కి నారింజ జెల్ (పలచని రంగు ప్లాస్టిక్ పొర) తగిలించండి. అప్పుడు మనుషులూ వెనకున్న హాలూ ఒకే రంగులో కలుస్తాయి.

గ్రూపు ఫొటోలకి ఎఫ్ 5.6, వరసలు ఎక్కువుంటే ఎఫ్ 8. ఎఫ్ 1.8లో తీస్తే వెనక వరస ముఖాలు మసకబారతాయి. ఎవరో ఒకరు రెప్ప వేస్తూనే ఉంటారు కాబట్టి ప్రతి గ్రూపునీ నాలుగైదు సార్లు తీయండి. ఎవరెవరు కలిసి నిలబడాలో ముందే జాబితా రాయించుకుని, పిలిచే పని వాళ్ల ఇంటి మనిషికే అప్పగించండి. బంధువుల ముఖాలు మీకేం తెలుస్తాయి?

సొంతంగా ఒప్పుకునే ముందు అనుభవమున్నవాళ్ల దగ్గర రెండో ఫొటోగ్రాఫర్‌గా నాలుగైదు పెళ్లిళ్లకి వెళ్లండి. ముఖ్యమైన ఘట్టాలు వాళ్లు చూసుకుంటారు కనుక మీ తప్పు ఎవరి జ్ఞాపకాన్నీ పోగొట్టదు. అయితే అక్కడ తీసినవి మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చో లేదో ముందే అడగండి. తర్వాత మీ పేరు మీద తీసుకునే ప్రతి పనికీ కాగితం రాసుకోండి: ఎన్ని గంటలు, ఎన్ని ఫొటోలు, ఏ తేదీకి ఇస్తారు, అడ్వాన్సు ఎంత, పెళ్లి వాయిదా పడితే ఏంటి, మీకు జ్వరమొస్తే మీ బదులు ఎవరొస్తారు.

ఇంటికొచ్చిన రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, కార్డులు రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, అక్కడక్కడా ఫైళ్లు తెరిచి చూసుకుని పడుకోండి. మూడో కాపీ ఇంట్లో కాకుండా వేరేచోట ఉండాలి. ఫొటోలు వాళ్ల చేతికి అందేదాకా ఆ కార్డులు ఫార్మాట్ చేయకండి.