ఆఫీసులో వికలాంగ ఉద్యోగి తనకు కావలసిన ఏర్పాటు అడగడం ఎలా?

మోకాళ్ల సమస్యతో మెట్లు ఎక్కలేని మనిషికి లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో సీటు వేస్తారు. చూపు తగ్గిన అసిస్టెంటు ముందు స్కాన్ చేసిన బిల్లుల కట్ట పెడతారు. అలాంటప్పుడు మనలో చాలామంది చేసేదేంటంటే, పెద్దసారు కారిడార్‌లో కనిపించినప్పుడు "సార్, నా సంగతి కొంచెం చూడండి" అనడం. "చూద్దాంలే" అంటారాయన. అక్కడితో సరి. నోటితో అడిగినదానికి రుజువు ఉండదు. అందుకే ఈ వ్యవహారం మొదటి రోజు నుంచీ కాగితం మీదే నడపాలి.

మన చేతిలో ఉన్నది వికలాంగుల హక్కుల చట్టం, 2016. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. మానసిక అనారోగ్యం, తలసీమియా, పార్కిన్సన్స్ లాంటివీ అందులో ఉన్నాయి. పనికి అడ్డొస్తున్నదాన్ని, సంస్థకు మోయలేని భారం కానంత మేరకు సరిచేయడాన్ని ఈ చట్టం 'సహేతుకమైన సర్దుబాటు' అంటుంది. అంటే ఇది దయ కాదు, అలాగని ఏది అడిగినా ఇచ్చి తీరాలనీ కాదు.

1. ముందు ధ్రువపత్రం

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) గానీ యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) గానీ దగ్గర పెట్టుకోండి. లేకపోతే కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. "మీకు 40 శాతం వైకల్యం లేదు కదా" అంటే కంగారు పడకండి. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు ఆ 40 శాతం కావాలి. సర్దుబాటు అడగడానికి అక్కర్లేదు. రాస్తుంటే వేళ్లు కొంకర్లు పోయే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి స్క్రైబ్ (చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కోసం వేసిన కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

2. జబ్బు గురించి కాదు, పని గురించి రాయండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. "నా ఆరోగ్యం బాగాలేదు, దయచేసి కనికరించండి" అని రాస్తే ఆ లేఖ ఫైల్లో పడి ఉంటుంది. ఏ పని దగ్గర ఆగిపోతున్నారు, ఏ మార్పు చేస్తే ఆ పని జరుగుతుంది అన్నది రాస్తే అవతలివాళ్లు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. నమూనా ఇలా ఉండొచ్చు:

"నేను అకౌంట్స్ విభాగంలో సీనియర్ అసిస్టెంట్‌ని. నాకు 60 శాతం దృష్టి లోపం ఉంది. ధ్రువపత్రం జతచేశాను. బిల్లులు ఫొటోల రూపంలో వస్తున్నందువల్ల నా స్క్రీన్ రీడర్ వాటిని చదవడం లేదు. బిల్లులను టైపు చేసిన ఫైళ్లుగా పంపించాలని, నా కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించాలని కోరుతున్నాను. ఈ రెండూ జరిగితే నాకు అప్పగించిన పని పూర్తిగా చేయగలను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు."

ఎన్‌వీడీఏ అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్. అది ఉచితం. ఖర్చు లేని, లేదా తక్కువ ఖర్చుతో అయ్యే దారి మీరే చూపిస్తే 'భారం' అన్న సాకుకు చోటుండదు. వినికిడి సమస్య ఉంటే మీటింగుల్లో క్యాప్షన్లు, డయాలసిస్‌కి వెళ్లే రోజుల్లో షిఫ్టు మార్పు, వీల్‌చెయిర్‌కు గ్రౌండ్ ఫ్లోర్‌లో సీటు... ఇలా మీ అవసరాన్ని బట్టి రాసుకోండి.

3. ఎవరికి ఇవ్వాలి?

ప్రభుత్వ ఆఫీసైతే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద నంబరు, స్టాంపు వేయించుకోండి. అక్కడ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఒకరు ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో ఆయన విచారించాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

ప్రైవేటు కంపెనీలో దారి కాస్త ఇరుకే. సర్దుబాటు చేయాలని చట్టం సూటిగా ఆదేశించింది ప్రభుత్వ సంస్థలనే. అయినా సమాన అవకాశాల విధానం ప్రతి సంస్థకూ ఉండాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అందులో సహాయక పరికరాలు, ప్రత్యేక సెలవుల వంటివి రాసి, వికలాంగ ఉద్యోగుల సంగతి చూసే లైజాన్ ఆఫీసర్‌ని నియమించాలి. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి ముందు ఆ పాలసీ కాపీ అడగండి. చాలాచోట్ల ఆ మెయిల్ వెళ్లాకే పాలసీ ఉందో లేదో వెతుక్కుంటారు!

4. జవాబు రాకపోతే

ఒక రిమైండర్ పంపండి. తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి ఫిర్యాదు రాయండి. లాయరు లేకుండానే రాసుకోవచ్చు. కమిషనర్ ఇచ్చేది సిఫార్సు. దాన్ని ఒప్పుకోని సంస్థ మూడు నెలల్లోగా కారణం చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

5. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే

యాక్సిడెంటో, పక్షవాతమో వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. ఆ పోస్టు లేకపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. రంగులు గుర్తించలేరని తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరిని వైద్య కారణాలతో రిటైర్ చేస్తే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి, అదే పే గ్రేడులో తగిన ఉద్యోగం ఇవ్వమంది.

ఇలాంటి టెన్షన్‌లో ఉన్నప్పుడే "స్వచ్ఛందంగా రిటైర్మెంట్ తీసుకుంటున్నాను" అన్న కాగితం ముందుకొస్తుంది. ఆ రోజు సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని చెప్పి, కాపీ తెచ్చుకోండి.