బార్సిలోనాకు పది మంది వెళ్లి పది పాస్‌పోర్టులతో తిరిగి రావడం ఎలా?

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లలో ఏటా ఇదే కథ. వాట్సాప్‌లో గ్రూపు పెడతారు, ఇరవై మంది చేరతారు, "నేను పక్కా" అన్నవాళ్లలో సగం మంది టికెట్ కొనే రోజు మాయమవుతారు, చివరికి పది మంది బయల్దేరతారు. వాళ్లలో ఒకరు పాస్‌పోర్ట్ పోగొట్టుకుంటారు. నేను ఇప్పటికి ఐదు బ్యాచ్‌లను తీసుకెళ్లాను. మొదటి బ్యాచ్‌లో మా దగ్గరా పోయింది. ఆ తర్వాత నాలుగుసార్లు ఒక్క ఫోన్ కూడా పోలేదు. ఎలాగో చెబుతాను.

ఎప్పుడు, ఎంతమంది

సెప్టెంబర్ చివరి వారం. వేరే వారం గురించి నన్ను అడగొద్దు. ఆగస్టులో గదుల ధరలు మండిపోతాయి, బయట ఎండా మండిపోతుంది. మార్చిలో సముద్రంలో కాలు పెట్టలేరు. సెప్టెంబర్ చివర నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబర్ మధ్యలో గానీ మొదలుకావు. పైగా 24న ఊరి పండగ, లా మెర్సె. మనుషుల మీద మనుషులు నిలబడి గోపురం కడతారు, చిట్టచివర పైకెక్కేది చిన్న పిల్ల. టీవీలో చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కింద నిలబడి చూస్తే ఊపిరి ఆగుతుంది.

పది మందికి మించొద్దు. పన్నెండు మంది అయితే అది ట్రిప్ కాదు, పెళ్లివారి బస్సు.

టికెట్లు, గది

విమానం టికెట్ చవగ్గా కనబడగానే ఎగరకండి, ముందు విమానాశ్రయం పేరు చదవండి. "బార్సిలోనా" అని రాసి బ్రాకెట్లో జిరోనా అనో, రెయుస్ అనో ఉంటే అది ఊరికి దాదాపు వంద కిలోమీటర్ల అవతల దింపుతుంది. పదిహేను యూరోలు మిగిలాయని సంబరపడి బస్సుకు అంతకన్నా ఎక్కువ పెడతారు. మీకు కావాల్సింది ఎల్ ప్రాట్.

గది విషయంలో మనవాళ్ల పాత అలవాటు ఒకటుంది. ఆరుగురికి బుక్ చేసి పది మందిని దూర్చడం. అక్కడ కుదరదు. బస చేసే ప్రతి ఒక్కరి పాస్‌పోర్ట్ వివరాలూ తీసుకుంటారు, మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్ట్ ట్యాక్స్ కూడా కట్టించుకుంటారు. చాలాచోట్ల ఆ ట్యాక్స్ బుకింగ్ ధరలో కలిసి ఉండదు. నన్నడిగితే అపార్ట్‌మెంట్ వద్దు, హాస్టల్‌లో ఒకే డార్మ్ తీసుకోండి. టూరిస్టుల వల్ల అద్దెలు పెరిగి ఊరివాళ్లు విసిగిపోయి ఉన్నారు. 2024లో వీధుల్లోకి వచ్చి టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో కొట్టారు కూడా. 2028 చివరికల్లా టూరిస్ట్ అపార్ట్‌మెంట్లనే లేకుండా చేస్తామని నగర మేయర్ ప్రకటించాడు. అలాంటివాళ్లు ఉండే భవనం మెట్ల మీద రాత్రి రెండింటికి మనం అంత్యాక్షరి ఆడటం బాగోదు. హాస్టల్‌కు ఇంకో లాభం, లాకర్. దాని సంగతి తర్వాత.

సగ్రాద ఫమీలియా చర్చి, పార్క్ గ్వెల్ టికెట్లు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొనేయండి. రెండింటికీ టైమ్ స్లాట్లే. అక్కడికెళ్లి చూద్దాంలే అన్నవాళ్లు గేటు బయట సెల్ఫీ దిగి వచ్చారు.

సామాను

బ్యాక్‌ప్యాక్, చెప్పులు, తువ్వాలు. కంది పొడి తెచ్చుకోండి, ఆవకాయ వద్దు. సెక్యూరిటీ దగ్గర పచ్చడిని ద్రవం కింద లెక్కేస్తారు, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చెత్తబుట్టలోకే. అమ్మ పంపిన ఆవకాయను అలా పడేస్తుంటే చూడలేక ఒకబ్బాయి అక్కడే నిలబడి నాలుగు స్పూన్లు తిన్నాడు.

డబ్బు

మనిషికి డెబ్బై యూరోలు మొదటి రోజే ఒకరి చేతిలో పెట్టండి. ఉమ్మడి తిండి, బస్సు అందులోంచే. లెక్కల యాప్‌లు వద్దు. "నేను సాంగ్రియా తాగలేదు, నాకెందుకు రెండు యూరోలు పడింది" అనే గొడవతో విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

అసలు సంగతి: ఎయిర్‌పోర్ట్ నుంచి గది దాకా

ఇక్కడ నెమ్మదిగా చదవండి. మిగతాది ఎలా చేసినా నడుస్తుంది.

ముందు కాగితాలు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్ట్, జర్మనీ రెసిడెన్స్ కార్డు రెండూ ఉంటే స్పెయిన్‌కు వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. షెంగెన్ (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాలు) లోపలి విమానం కాబట్టి మామూలుగా ఇమ్మిగ్రేషన్ క్యూ ఉండదు. అందుకని పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లున్నారు. అది తప్పు. రెండూ ఉండాల్సిందే. కార్డు ఇంకా రాలేదు, తాత్కాలిక కాగితం చేతిలో ఉంది అంటే మీ ఊరి విదేశీయుల ఆఫీసును ముందే రాతపూర్వకంగా అడగండి. నేనైతే అలాంటివాళ్లను తీసుకెళ్లను. తిట్టుకున్నా సరే.

ఇక మా మొదటి బ్యాచ్ కథ. పది పాస్‌పోర్టులూ ఒక్కరి దగ్గరే ఉంటే భద్రం అనుకున్నాం. ఆ ఒక్కరు నేనే. ఒక జూనియర్ అమ్మాయి మాత్రం "నాది నా దగ్గరే ఉంచుకుంటా అక్కా" అంది. పాస్‌పోర్టూ రెసిడెన్స్ కార్డూ ఒకే చిన్న స్లింగ్ బ్యాగ్‌లో పెట్టి వీపు వైపు వేసుకుంది. సాంట్స్ స్టేషన్‌లో ఎస్కలేటర్ పైకెళ్తోంది. పైన దిగే చోట ముందున్న మనిషి ఉన్నట్టుండి ఆగి, కిందపడిన దేనికోసమో వంగాడు. వెనకున్నవాళ్లం అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. "సారీ, సారీ" అని నవ్వుకుని రెండడుగులు వేశాం. అప్పుడు వినబడింది, "అక్కా, నా జిప్ తీసి ఉంది." ఆ మొత్తం నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. అదే నా బ్యాగ్ అయి ఉంటే తొమ్మిది పోయేవి.

పాస్‌పోర్ట్ పోతే ఏమవుతుందో తెలుసుకుంటే గానీ మీకు భయం రాదు. ముందు పోలీసులకు ఫిర్యాదు, దాన్ని "దెనున్సియా" అంటారు. తర్వాత భారత కాన్సులేట్. మా అప్పట్లో మాడ్రిడ్‌లోని రాయబార కార్యాలయానికే వెళ్లాలి, 2024 నుంచి బార్సిలోనాలోనే కాన్సులేట్ ఉంది. అత్యవసర పత్రం ఇస్తారుగా అని ధైర్యంగా ఉంటారు. ఆ పత్రం ఇండియాకు వెళ్లడానికి, అదీ ఒక్క వైపుకే. జర్మనీలో మీ గదికి, మీ పరీక్షకు అది పనికిరాదు. కొత్త పాస్‌పోర్ట్ వచ్చేదాకా ఆగాలి. మా అమ్మాయి మాడ్రిడ్‌లో తెలిసినవాళ్ల సోఫా మీద మూడు వారాలు పడుకుంది. రెండు పరీక్షలు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. వాళ్ల నాన్నకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. పాస్‌పోర్ట్ ఎవరిది వాళ్ల దగ్గరే, కానీ చొక్కా లోపల నడుముకు కట్టుకునే పల్చటి సంచిలో. రెసిడెన్స్ కార్డు అందులో కాదు, లోపలి జేబులో విడిగా. ఒకటి పోయినా ఇంకొకటి మిగలాలి. రెండింటి ఫొటోలూ ఫోన్‌లో, మెయిల్‌లో, ఇంకొక స్నేహితుడి ఫోన్‌లో. ఈ సంచి విమానం దిగాక కట్టుకునేది కాదు, ఇంటి దగ్గర కట్టుకుని బయల్దేరేది. నలుగురి మధ్య చొక్కా ఎత్తి సర్దుకున్నారంటే ఎక్కడుందో ఊరందరికీ చూపించినట్టే.

దిగాక ఏరోబస్ ఎక్కండి, అది ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరి మధ్యకు వెళ్లే బస్సు. మెట్రో చవక కదా అంటారు. మెట్రోలో ఊరంతా నడిచే పది ప్రయాణాల టికెట్, టీ-కాజువల్, ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో చెల్లదు, వేరే టికెట్ కొనాలి. రైల్లో చెల్లుతుంది, కానీ అది అరగంటకొకటి, సామానుతో సాంట్స్ మీదుగా వెళ్లాలి. సాంట్స్ గురించి చెప్పానుగా. ఏరోబస్‌లో సూట్‌కేసులు మధ్యలోని అరలో పెడతారు. మధ్యలో ఎస్పాన్యా చౌక్ దగ్గర ఆగినప్పుడు ఆ అర ఎదురుగా మీవాళ్లిద్దరు నిలబడాలి. కూర్చుని కాదు, నిలబడి. మీ పెట్టె పట్టుకుని మీకన్నా ముందు దిగిపోయేవాళ్లు అక్కడే దిగుతారు.

నడిచేటప్పుడు ముందు ఒకరు, చివర ఒకరు. ఈ ఇద్దరికీ సామాను తక్కువుండాలి. ఫోన్‌లో మ్యాప్ చూసేది ముందున్న ఒక్కరే. మిగతా తొమ్మిది మంది ఫోన్లూ జేబుల్లో ఉండాలి, ఇంటికి వీడియో కాల్ గదికి వెళ్లాక చేసుకోవచ్చు. బ్యాగులు పొట్ట మీదకు. మెట్రోలో తలుపు పక్కన నిలబడొద్దు, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. "మీ చొక్కా మీద పక్షి రెట్ట పడింది" అని ఎవరైనా టిష్యూ ఇస్తే తీసుకోకండి, ఆగకండి. ఆ మరక వేసింది వాళ్లే. కేఫ్‌లో మీ బల్ల మీద కాగితమో మ్యాపో పరిచి ఏదో అడిగితే ముందు చూడాల్సింది వాళ్ల మొహం కాదు, ఆ కాగితం కింద మీ ఫోన్. 400 యూరోల లోపు దొంగతనం అక్కడ సాధారణంగా చిన్న నేరం కిందే వస్తుంది, పట్టుకున్నా చాలాసార్లు సాయంత్రానికి మళ్లీ అదే మెట్రోలో ఉంటారు.

గదికి చేరగానే పాస్‌పోర్టులు లాకర్‌లోకి. తాళం మీరే తీసుకెళ్లండి. బయట తిరిగేటప్పుడు రెసిడెన్స్ కార్డు చాలని నా అభిప్రాయం. పాస్‌పోర్ట్ ఒరిజినల్ వెంట ఉండాలని పోలీసులు అడగొచ్చు, ఆ మాట పడటానికి నేను సిద్ధమే.

ఇక తిరగడం

ఇదంతా తేలిక. సగ్రాద ఫమీలియాకు పొద్దున్నే స్లాట్ తీసుకోండి, తూర్పు కిటికీల నీలం, పచ్చ వెలుగు నేల మీద పడుతుంది. సాయంత్రం వెళ్తే పడమటి ఎరుపు, నారింజ. నాకు పొద్దుటిదే ఇష్టం కాబట్టి మా బ్యాచ్‌లన్నీ పొద్దున్నే వెళ్లాయి. 1882లో మొదలుపెట్టిన ఆ గుడి పనిని మరుసటి ఏడాది చేతిలోకి తీసుకున్న ఆర్కిటెక్ట్ గౌదీ 1926లో ట్రామ్ గుద్ది చనిపోయాడు. మాసిన బట్టలు, జేబులో గుర్తింపు కాగితం లేదు, బిచ్చగాడనుకున్నారు. ఈ ముక్క జూనియర్లకు తప్పకుండా చెబుతాను. ఆ రోజంతా జేబులు తడుముకుంటూనే ఉంటారు.

బార్సిలోనెటా బీచ్‌లో అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగొద్దు. ఐదుగురు దిగితే ఐదుగురు బట్టల దగ్గర.

శాకాహారులకు ఒక హెచ్చరిక. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా, అని చెబితే సరిపోదు. సలాడ్‌లో ట్యూనా చేప వస్తుంది, లేదా సన్నటి హామ్ ముక్కలు. వాళ్ల లెక్కలో అవి మాంసం కావు. చేప, హామ్ కూడా వద్దని విడిగా చెప్పండి. రొట్టె మీద టమాటా రుద్ది ఇచ్చేది, వేయించిన పద్రోన్ మిరపకాయలు నిశ్చింతగా తినొచ్చు. తోర్తియా అంటే అక్కడ బంగాళాదుంప ఆమ్లెట్, అందులో గుడ్డు ఉంటుంది. అన్నం కోసం ప్రాణం లాగితే రవాల్ వీధుల్లో పాకిస్తానీ, బంగ్లాదేశీ హోటళ్లున్నాయి, పప్పు దొరుకుతుంది. రాత్రి భోజనం ఎనిమిదికి ముందు అడిగితే చాలాచోట్ల వంటగదే తెరవరు. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి, శనివారమే పాలు, పెరుగు కొనుక్కోండి.

బయల్దేరే రోజు గది తలుపు దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత పాస్‌పోర్ట్ పైకెత్తించి లెక్కపెడతాను. "ఉంది అక్కా" అంటే ఒప్పుకోను, చూపించాలి. పోయినసారి తొమ్మిదే లెక్కకు వచ్చాయి. పదోది నాదే, లాకర్‌లో ఉండిపోయింది.