ఫిష్‌ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్‌ని ట్రాన్సమ్‌కి సరిగ్గా బిగించడం ఎలా?

బోటు నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఫిష్‌ఫైండర్ తెర మీద నీటి అడుగు చక్కగా కనిపించి, వేగం అందుకోగానే తెరంతా చెదిరిపోతోందంటే చాలామంది మెషిన్ పాడైందనుకుని మార్చేస్తారు. చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు, బోటు వెనక గోడకి, అంటే ట్రాన్సమ్‌కి, ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని పట్టే భాగం) బిగించిన చోటుది.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. డ్రిల్, స్కేలు, పొడవాటి తిన్నని పట్టీ, మాస్కింగ్ టేప్, 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, నీటిలోపల వాడే మెరైన్ సీలెంట్. బాత్‌రూమ్‌లో మిగిలిపోయిన సిలికాన్ ట్యూబు తెచ్చారంటే దాన్ని అక్కడే పెట్టి రండి. ఇంకో మాట, స్క్రూలు నేరుగా బోటుకి కొట్టొద్దు. ముందు గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి బిగించి, దాని మీద బ్రాకెట్ పెట్టండి. రేపు మోడల్ మారిస్తే పలకకే కొత్త రంధ్రాలు పడతాయి, బోటుకి కాదు.

ఇక అందరూ పాడుచేసే పని, చోటు ఎంచుకోవడం. శబ్దం నీటిలో హాయిగా పోతుంది, గాలి బుడగ తగిలితే వెనక్కి తిరుగుతుంది. కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కింద నుంచి ఎప్పుడూ బుడగల్లేని నీరే పారాలి. ఒకే ఇంజిన్ అయితే కుడివైపు పెట్టండి, ఎందుకంటే మామూలు ప్రొపెల్లర్ రెక్క అటువైపు కిందికి దిగుతూ తిరుగుతుంది, అక్కడ బుడగలు తక్కువ. ప్రొపెల్లర్‌కి కనీసం 38 సెం.మీ. దూరం ఉండాలి. రెండు ఇంజిన్లుంటే వాటి మధ్యలో.

అంతటితో అయిపోలేదు. బోటు ట్రైలర్ మీద ఉండగా వెనక మోకాళ్ల మీద కూర్చుని, మీరు అనుకున్న చోటు నుంచి ముందుకి బోటు అడుగు భాగమంతా అరచేత్తో తడిమి చూడండి. వేలికి రివెట్ గానీ, గట్టు గానీ, నీళ్లు లాగే రంధ్రం గానీ తగిలిందా, అది వదిలే బుడగలన్నీ నేరుగా మీ ట్రాన్స్‌డ్యూసర్ కిందికే వస్తాయి, పక్కకి జరపండి. ట్రైలర్ రోలర్‌కి తగలకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

తర్వాత ఎత్తు. తిన్నని పట్టీని హల్ (బోటు బాడీ) అడుగుకి ఆనించి వెనక్కి చాపండి. ఫైబర్‌గ్లాస్ బోటుకి ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ఆ గీత కన్నా 3 మి.మీ. కిందికి, అల్యూమినియం బోటుకి దాదాపు 9 మి.మీ. కిందికి ఉండాలి. ఇంకాస్త దించితే మంచిదేమో అనుకుంటారు, అది ఆత్రం. మరీ దించితే వెనక నీళ్లు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతాయి, ఏదైనా తగిలితే బ్రాకెట్ విరుగుతుంది. ముఖం వెనక అంచు ముందు అంచు కన్నా 1 నుంచి 3 మి.మీ. కిందికి వాలాలి. ముందు అంచు దిగిందంటే ముఖం కింద బుడగలు చేరతాయి.

హల్ లోపలే జిగురుతో అతికిస్తే రంధ్రాలే అక్కర్లేదు కదా అంటారు కొందరు. గట్టి ఫైబర్‌గ్లాస్‌లో పనిచేస్తుంది నిజమే, కానీ సిగ్నల్‌లో కొంత హల్లే తినేస్తుంది, నీటి ఉష్ణోగ్రత సరిగ్గా తెలియదు. నేనైతే ట్రాన్సమ్ వదలను.

డ్రిల్ చేసేటప్పుడు బిట్ మీద టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, హల్ మీద కూడా టేప్ అంటించి, మొదట బిట్‌ని రివర్స్‌లో కాసేపు తిప్పితే జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నని పై పూత) పెచ్చులు లేవదు. ప్రతి రంధ్రంలో సీలెంట్ నిండుగా నింపండి, ప్లైవుడ్ కోర్ ఉన్న ట్రాన్సమ్‌లోకి నీళ్లు దిగితే అది లోపల్లోపలే కుళ్లిపోతుంది. బ్రాకెట్ పొడవాటి గాళ్ల మధ్యలో స్క్రూలు రావాలి, పైకీ కిందికీ జరుపుకోవడానికి.

కేబుల్ ఎంత పొడవున్నా కోయకండి, చుట్ట చుట్టి పెట్టుకోండి. ఇంజిన్ వైర్లకీ వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా కేబుల్‌కీ దూరంగా, నీటిమట్టానికి పైన లోపలికి తీసుకెళ్లండి.

నీళ్లలో దించి మెల్లగా వేగం పెంచండి. అడుగు కనిపించకుండా పోతే 3 మి.మీ. దించండి, నీళ్లు ఎగజిమ్మితే కాస్త ఎత్తండి. కుదిరాక మాత్రమే ఎత్తు కదలకుండా పట్టుకునే చివరి స్క్రూ బిగించి సీలెంట్ పూయండి. ఎప్పుడైనా బోటు అడుగుకి యాంటీఫౌలింగ్ రంగు (నాచు, గుల్లలు పట్టనివ్వనిది) వేయిస్తే, ముఖం మీద నీటి ఆధారిత రంగే వాడమనండి. కీటోన్లనే ద్రావకాలున్న రంగు ఆ ప్లాస్టిక్‌ని తినేస్తుంది.