సెల్ఫ్ కొడితే ఇంజిన్ కదలడం లేదా? లోపం ఎక్కడుందో శబ్దాన్ని బట్టి పట్టుకోవడం

తాళం తిప్పినా ఇంజిన్ తిరగకపోతే నేరం వెంటనే స్టార్టర్ మోటారు మీద, అంటే వాడుకలో సెల్ఫ్ అని పిలిచే దాని మీద పడుతుంది. నిజానికి అలా విప్పి బల్ల మీద పెట్టిన మోటార్లలో ఏ లోపమూ లేనివి తక్కువేమీ ఉండవు. బ్యాటరీ, లావు కేబుళ్లు, ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి చేరే దారి), రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) అన్నీ సక్రమంగా ఉంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది కాబట్టి, వాటిలో ఏది తప్పినా కారు కదలకపోవడం ఒక్కటే. వినిపించే శబ్దం మాత్రం ఒక్కటి కాదు. కరెంటు ఎంతవరకు వెళ్లి ఆగిపోయిందో ఆ శబ్దమే చెబుతుంది కనుక, స్పానరు పట్టుకునే ముందు చెవి పెట్టి వినాలి.

ఆ శబ్దం అర్థం కావాలంటే లోపల జరిగేది తెలియాలి. తాళాన్ని స్టార్ట్ స్థానానికి తిప్పినప్పుడు, రిలే మీదుగా ఒక సన్నని వైరు ద్వారా కరెంటు మోటారు పక్కనే ఉండే సాలినాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి చేరుతుంది. సాలినాయిడ్ తనలోని ఇనుప ప్లంజరును లాగుతుంది; ప్లంజరుకు తగిలించిన ఫోర్క్ బెండిక్స్ అనే భాగంలోని చిన్న గేరును, అంటే పినియన్‌ను ముందుకు తోసి, ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్లలో కూర్చోబెడుతుంది. ప్లంజరు చివరిదాకా వెళ్లాక రెండు లావు రాగి కాంటాక్టులు కలుస్తాయి, అప్పుడే బ్యాటరీ కరెంటు నేరుగా మోటారులోకి దూకుతుంది. మామూలు పెట్రోలు కారులో అది 100 నుంచి 200 ఆంపియర్ల దాకా ఉంటుంది, డీజిల్ ఇంజిన్‌కు ఇంకా ఎక్కువ కావాలి. పినియన్ పది పదిహేను చుట్లు తిరిగితే ఇంజిన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ అందుకున్న తరువాత అదే లెక్కన మోటారును విపరీతమైన వేగంతో తిప్పేయకుండా, బెండిక్స్‌లో ఒకవైపే పట్టే క్లచ్ అడ్డుకుంటుంది.

ఏ పరీక్షకైనా ముందు గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ కారైతే పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. మల్టీమీటరుతో బ్యాటరీ చూడాలి. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. అయితే ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించే ముసలి బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే కూలిపోవచ్చు కాబట్టి, సెల్ఫ్ ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు చూసే అంకే అసలైన సాక్ష్యం. అది 9.6 వోల్టుల కంటే కిందికి పోకూడదు.

టకటకమని వరుసగా కొట్టుకుంటే

ఇది అన్నిటికంటే తరచుగా వినిపించే శబ్దం, దీనికి మోటారు కారణం కావడం అరుదు. సాలినాయిడ్ లాగుతుంది, కాంటాక్టులు కలుస్తాయి, మోటారు కరెంటు అడగగానే వోల్టేజీ పడిపోతుంది, ప్లంజరును పట్టి ఉంచే శక్తి చాలక సాలినాయిడ్ వదిలేస్తుంది. భారం పోగానే వోల్టేజీ లేచి మళ్లీ లాగుతుంది. బ్యాటరీలో చార్జి లేకపోవడమో, టెర్మినల్ మీద తెల్లటి, ఆకుపచ్చ పొక్కు పట్టడమో, క్లాంపు వదులుగా ఉండడమో దీనికి మూలం. టెర్మినళ్లను మొదట నెగటివ్, తరువాత పాజిటివ్ వరుసలో విప్పి, వేడి నీళ్లలో కలిపిన వంటసోడాతో కడిగి, లోహం మెరిసేదాకా బ్రష్‌తో గీకి, ఆరాక బిగించాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర. అప్పటికీ టకటకలాడితే బ్యాటరీని చార్జి చేసి చూడాలి, చార్జి నిలవకపోతే మార్చాలి. కొత్త బ్యాటరీ కూడా కొన్ని రోజుల్లోనే ఖాళీ అయితే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరును అనుమానించాలి.

ఒక్కసారి ‘టక్’మని ఆగిపోతే

తొందరపాటుకు ఎక్కువ చోటున్నది ఇక్కడే. సాలినాయిడ్ లాగింది కానీ మోటారు తిరగలేదు. సాలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి ఉండవచ్చు, ఆర్మేచర్ అనే ఆ తిరిగే భాగం పట్టేసి ఉండవచ్చు, లేదా లావు కేబుళ్లలో ఒకటి కరెంటును మోయలేకపోతూ ఉండవచ్చు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఏమాత్రం తగ్గకపోతే మోటారులోకి కరెంటు వెళ్లడం లేదు, కాంటాక్టులో కార్బన్లో కారణం. బాగా మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా మోటారు పట్టేసింది.

దీన్ని ఖాయం చేసుకోవడానికి వోల్టేజీ నష్టాన్ని కొలవాలి. ఇంజిన్ అందుకోకుండా ఇంధన పంపు ఫ్యూజు తీసి, మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీదే, క్లాంపు మీద కాదు, రెండో మొనను సాలినాయిడ్‌కు లావు కేబుల్ వచ్చే బోల్టు మీద పెట్టి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించాలి. నష్టం 0.5 వోల్టు దాటితే ఆ దారిలో తుప్పో, వదులో, లోపల తెగిన కేబులో ఉన్నట్టు. తరువాత నెగటివ్ స్తంభానికీ మోటారు బాడీకీ మధ్య కొలవాలి, 0.3 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీని పట్టించుకునేవారు తక్కువ. ఒకసారి నేను మోటారు మార్పించిన తరువాత గానీ ఆ పట్టీ కిందివైపు తుప్పుతో పొడి అయిపోయిందని చూడలేదు, అందుకే ఈ పరీక్ష గురించి ఇంత చెబుతున్నాను. చివరగా సాలినాయిడ్ మీది రెండు లావు బోల్టుల మధ్య కొలవాలి. సెల్ఫ్ కొట్టకముందు అక్కడ బ్యాటరీ వోల్టేజీ కనిపించడం సహజం. కొట్టినప్పుడు అది దాదాపు సున్నాకు రావాలి. రాకపోతే కాంటాక్టులు కాలిపోయాయి. చాలా మోడళ్లలో సాలినాయిడ్‌ను విడిగా మార్చుకోవచ్చు.

ఈ పరీక్షలన్నీ బాగుండి మోటారు మాత్రం తిరగకపోతే కార్బన్లు చూడాలి. సుత్తి పిడితో మోటారును తట్టితే ఒకసారి స్టార్ట్ అవుతుందనే చిట్కా నిజమే. ఇరుక్కున్న కార్బన్ జరిగి, ఆర్మేచర్ మీది రాగి పట్టీల వలయాన్ని, అంటే కమ్యుటేటరును తాకుతుంది. కానీ లోపల శాశ్వత అయస్కాంతాలున్న మోటార్లలో గట్టి దెబ్బకు అయస్కాంతం పగులుతుంది. ఇంటికి చేరడానికి ఒక్కసారి మెల్లగా తట్టవచ్చు, దాన్ని రిపేరు అనుకోకూడదు.

ఏ శబ్దమూ లేకపోతే

సన్న వైరులో కరెంటు రావడం లేదు. ఆటోమేటిక్ కారైతే గేరును న్యూట్రల్‌కు మార్చి చూడాలి; న్యూట్రల్‌లో పనిచేసి పార్కింగ్‌లో పనిచేయకపోతే గేరు స్విచ్చి లోపం. మాన్యువల్ కార్లు కొన్నిటిలో క్లచ్ పెడల్ పూర్తిగా నొక్కకపోతే సెల్ఫ్ పనిచేయదు. డ్యాష్‌బోర్డు మీద ఇమ్మొబిలైజరు (సరైన తాళం కాకపోతే కారును స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) దీపం మినుకుమంటుంటే మరో తాళంతో ప్రయత్నించాలి. ఫ్యూజు, రిలే సంగతి ఆ తరువాత. రిలేను అదే రకం పక్క రిలేతో మార్చి చూడడం సులువు. తాళం తిప్పినప్పుడు సాలినాయిడ్ సన్న టెర్మినల్ దగ్గరకు 10 వోల్టులకు పైగా వస్తూ కూడా శబ్దం రాకపోతే సాలినాయిడ్ పోయినట్టే. స్క్రూడ్రైవరుతో రెండు టెర్మినళ్లను కలిపి చూసే అలవాటు నాకు సమ్మతం కాదు. లావు కేబుల్‌కు చాలా కార్లలో ఫ్యూజు ఉండదు, గేరులో ఉంటే కారు మీదికే వస్తుంది.

బరువుగా, ఈడ్చినట్టు తిరిగితే

ముందు బ్యాటరీ, తరువాత పైన చెప్పిన నష్టం పరీక్షలు. అవి బాగుంటే మోటారు షాఫ్టును మోసే బుష్‌లు అరిగి ఆర్మేచర్ పక్కలకు రాసుకుంటూ ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, ఇంజిన్ వేడెక్కి ఆపిన కాసేపటికే మొరాయిస్తే, వేడికి రాగి తీగల నిరోధం పెరగడం దానికి తోడవుతుంది. అటువంటి కారులో ఎగ్జాస్ట్ పక్కన మోటారుకు ఉండే వేడి రేకు ఊడిపోయిందేమో చూడాలి.

గిర్రుమని తిరిగి ఇంజిన్‌ను కదపకపోతే, లేదా కరకరమంటే

మోటారు తిరుగుతున్న శబ్దం శుభ్రంగా వినిపిస్తూ ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ క్లచ్ జారుతోంది, బెండిక్స్ మార్చాలి. కరకర శబ్దం వస్తే మొదట మోటారు బోల్టులు వదులయ్యాయా అని చూసి, తరువాత పళ్లు చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా దాదాపు రెండు చోట్లలో ఏదో ఒకదాని దగ్గరే ఆగుతుంది కాబట్టి రింగ్ గేర్ ఎదురెదురుగా రెండు చోట్ల ఎక్కువ అరుగుతుంది. ఇంజిన్‌ను చేత్తో కాస్త తిప్పి కొడితే బాగా పట్టుకుంటే లోపం రింగ్ గేర్‌ది, దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్ దించక తప్పదు. ఈ శబ్దం మొదలైన రోజే చూపిస్తే పినియన్‌తో పోతుంది.

తాళం వదిలినా ఆగకపోతే

రిలేలోనో సాలినాయిడ్‌లోనో కాంటాక్టులు అతుక్కుపోయాయి. తాళం తీసినా మోటారు ఆగకపోతే నెగటివ్ క్లాంపును వెంటనే విప్పేయాలి. ఆలస్యమైతే మోటారు కాలుతుంది, కేబుళ్లు కూడా అంటుకోవచ్చు. అతుక్కున్న దాన్ని మార్చకుండా బ్యాటరీ తిరిగి తగిలించకూడదు.

ఎక్కువ కాలం నిలవాలంటే

1912 కాడిలాక్ కార్లతో విద్యుత్ సెల్ఫ్‌ను తెచ్చిన చార్లెస్ కెట్టరింగ్ అంతకుముందు నగదు రిజిస్టర్లకు మోటారు అమర్చినవాడు. కొద్ది క్షణాలే పనిచేసే మోటారు చిన్నదైనా పెద్ద భారం మోయగలదన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. నేటి సెల్ఫ్ కూడా ఆ లెక్క మీదే తయారవుతుంది కనుక ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకూడదు, మళ్లీ కొట్టే ముందు కనీసం అర నిమిషం ఆగాలి. ఇంజిన్ తిరుగుతూనే ఉండి స్టార్ట్ కాకపోతే లోపం ఇంధనంలోనో ఇగ్నిషన్‌లోనో ఉంటుంది; సెల్ఫ్‌ను ఎంతసేపు కొట్టినా అది తీరదు. ఇంజిన్ నూనె కారి మోటారు మీద పడుతుంటే ముందు ఆ సీలు మార్పించాలి, నూనె తడిసిన కార్బన్లు త్వరగా పాడవుతాయి. బెండిక్స్ షాఫ్టుకు గ్రీజు దట్టిస్తే క్లచ్ పొడి అంటుకుని పినియన్ ఇరుక్కుంటుంది కాబట్టి, శుభ్రం చేసి తయారీదారు చెప్పిన గ్రీజును పలచగా రాయాలి. ట్రాఫిక్‌లో తానే ఆగి తానే స్టార్ట్ అయ్యే కార్లకు బ్యాటరీ మార్చేటప్పుడు అదే రకం బ్యాటరీనే వేయించాలి.