పలకరింపు కోసం మొరిగే కుక్కపిల్లను మాన్పించే పద్ధతి

గేటు ముందు కొత్త మనిషిని చూసి కుక్క మొరగడం కాపలా బుద్ధి. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. మన ముఖంలోకి చూస్తూ, తోక ఊపుతూ నాలుగుసార్లు మొరిగి, మనం కదిలామా లేదా అని ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ మొదలుపెట్టే ఐదారు నెలల పిల్ల గురించి.

ముందుగా దాని అవసరాలు తీరాయో లేదో చూడాలి. గిన్నెలో నీళ్లున్నాయా, మూత్రానికి బయటకు తీసుకుపోయి ఎంతసేపయింది, నిద్ర సరిపోయిందా అన్నవి చూడకుండా శిక్షణ మొదలుపెట్టడం అన్యాయం. నల్లగొండ ఎండలు మే నెలలో 44 డిగ్రీలకు చేరినప్పుడు రేకుల కింద, కాలిన బండల మీద కట్టేసిన పిల్ల మొరిగితే అది మొండితనం కాదు, బాధ. అట్లాగే ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే అరుస్తూ, తలుపు గీరుతూ, చొంగ కార్చే పిల్లది ఒంటరితనపు భయం. దానికి ఈ పద్ధతి పనికిరాదు, పశువైద్యుని సలహా కావాలి.

ఇవేవీ కాకపోతే, మొరిగితే ఫలితం దొరుకుతుందని అది మన దగ్గరే నేర్చుకున్నదని అర్థం. మా ఇంట్లో జరిగింది అదే. పిల్ల మొరిగినప్పుడల్లా నేను అర్రలో నుంచి "ఊకో!" అని గద్దించేవాణ్ణి, మా అమ్మ పాపమని జొన్నరొట్టె ముక్క తుంచి వేసేది. నా గద్దింపు కూడా దానికి పలకరింపేనని నాకు ఆలస్యంగా అర్థమయింది.

కాబట్టి మొరిగినంతసేపు మాట, చూపు, చేయి మూడూ ఆపాలి. చేతులు కట్టుకొని పక్కకు తిరిగి నిలబడాలి. అది ఊపిరి తీసుకోవడానికి ఆగి, రెండు మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉండగానే "శభాష్" అని మెల్లగా అని, ఉడికించిన కోడిగుడ్డు ముక్క గోరంత పెట్టాలి. ఆలస్యమైతే దేనికి ఇచ్చామో దానికి తెలియదు. తరువాత ఆ వ్యవధిని ఐదు, పది, ఇరవై సెకన్లకు పెంచుతూ పోవాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఎప్పుడూ మొరిగి ఆగిన తరువాతే ముక్క ఇస్తే, తెలివైన పిల్ల "మొరగాలి, ఆగాలి, తినాలి" అని వరుసగా నేర్చుకుంటుంది. అందుకే అది తనంతట తాను అరుగు మీద నెమ్మదిగా పడుకొని ఉన్నప్పుడు, మనం మరిచిపోయే ఆ సమయంలోనే, దగ్గరికి వెళ్లి నిమిరి ముక్క పెట్టాలి. నా దృష్టిలో మొత్తం శిక్షణలో దీనికి మించిన పని లేదు. దానితోపాటు గిన్నె పెట్టే ముందు, గొలుసు విప్పే ముందు కూర్చోవడం నేర్పితే, అడగడానికి మొరుగుడు కాకుండా మరో దారి దొరుకుతుంది.

మొదటి కొన్ని రోజులు మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన ఉపాయం ఎందుకు పనిచేయడం లేదోనని అది ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో ఒక్కసారి లొంగినా, ఇంకా ఎక్కువసేపు మొరిగితే గెలవవచ్చని నేర్పినట్టే. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లలో ఇరుగుపొరుగుకు ముందే చెప్పి, వారం పదిరోజులు ఓర్చుకొమ్మని అడగడం మర్యాద. ఇంట్లో పెద్దలు, పిల్లలు అందరూ ఒకే తీరుగా నడుచుకోవాలి.

పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం నేల చల్లబడ్డాక నడిపించాలి. పాత తువ్వాలలో రొట్టె ముక్కలు చుట్టి, మన కళ్లెదుట వెతుక్కోనివ్వాలి. ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కుక్కకు హానికరం కనుక బహుమానంగా కూడా పెట్టరాదు.

కొట్టడం వల్ల భయం పెరుగుతుంది, కరిచే గుణం రావచ్చు. కొందరు మూతికి తాడు కడతారు. కుక్క తన ఒంటి వేడిని ప్రధానంగా నోరు తెరిచి రొప్పుతూ దించుకుంటుంది కనుక మన ఎండల్లో అది ప్రాణం తీయగలదు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు, చేసేవారు కనబడితే తాడు విప్పించండి.