మా వాకిట్లో నీళ్లు తాగే కాంక్రీట్ వేసుకున్న విధానం

నెల్లూరులో కార్తీకం వానలు పట్టుకుంటే మా గేటు లోపల పాదం మునిగేంత నీళ్లు. మెరక చేయిస్తే అవి ఎదురింటికి పోతాయి, ఆ గొడవ నాకొద్దు. అందుకని కారు నిలిపే చోట 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున పెర్వియస్ కాంక్రీట్ వేయించాను. అంటే ఇసుక దాదాపు లేకుండా చిప్స్ (సన్న కంకర), సిమెంటుతోనే వేసే కాంక్రీట్. రాయికీ రాయికీ మధ్య ఖాళీలు ఉండిపోతాయి, నీళ్లు అందులోంచి కిందికి దిగుతాయి. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పదకొండేళ్లు బలం చూడ్డానికి కాంక్రీట్ క్యూబులు విరగ్గొట్టినదాన్ని కాబట్టి ముందు చిన్న ముక్క వేసి, ఇళ్లకు వాడే మామూలు ఎం20 కాంక్రీట్ పక్కన పెట్టి చూశాకే అసలు పనికి దిగాను. మీరూ అలాగే చేయండి.

50 కిలోల సిమెంటు బస్తాకు 200 కిలోల 10 ఎం.ఎం. చిప్స్. డస్ట్ ఉండకూడదు, జల్లించి కడిగించండి. నీళ్లు 15 నుంచి 17 లీటర్లు, అంతే. బలం కొంచెం పెరగాలంటే చిప్స్ బరువులో నూటికి ఐదారు పాళ్లు ఇసుక కలపొచ్చు, నీరు దిగడం ఆ మేరకు తగ్గుతుంది. గుప్పెట్లోకి తీసుకుని పిండి చూడండి. ఉండ నిలవాలి, విడిపోకూడదు. చేతికి సిమెంటు పాలు కారితే నీళ్లు ఎక్కువైనట్టే.

మొదటి ముక్క పాడైంది ఇక్కడే. "ఇంత పొడిగా ఉంటే ఎట్టమ్మా" అని మేస్త్రి నేను చూడనప్పుడు ఇంకో చెంబు పోశాడు, పైగా వైబ్రేటర్ పెట్టాడు. సిమెంటు పాలన్నీ అడుక్కి జారి పలకలా గట్టిపడ్డాయి. పైన చూస్తే చిల్లులు, కింద మూత! రెండోసారి వైబ్రేటర్ లేదు, తాపీతో నునుపు చేయడం లేదు. బద్దతో మట్టానికి లాగి, పైన బరువైన పైపు రోలర్ దొర్లించామంతే.

బలం సంగతి. 150 మి.మీ. క్యూబులు రెండు రకాలవీ మూడేసి పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి విరగ్గొట్టించండి. పెర్వియస్ క్యూబు ముఖం గరుకుగా ఉంటుంది, సిమెంటు పేస్టుతో చదును చేయకపోతే మిషను తప్పు చెబుతుంది. వచ్చిన లోడును న్యూటన్లలోకి మార్చి, క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మి.మీ.తో భాగించాలి. 450 కిలోన్యూటన్లు వస్తే 20 మెగాపాస్కల్స్ (చదరపు మి.మీ.కు 20 న్యూటన్లు), ఎం20 కనీసం ఇవ్వాల్సింది అదే. నా పెర్వియస్ 247 దగ్గర విరిగింది, అంటే 11. నిరాశపడకండి. ఈ రకానికి మామూలుగా చెప్పే బలం 2.8 నుంచి 28 దాకా ఉంటుంది, ఖాళీలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 150 మి.మీ. మందంలో కారుకు చాలు. ఇసుక లారీ ఎక్కే చోట మాత్రం వేయొద్దు. లోపల ఇనుము కూడా వద్దు, గాలీ నీరూ తగిలి తుప్పు పడుతుంది.

నీళ్ల పరీక్షకు 300 మి.మీ. వ్యాసం ఉన్న పైపు ముక్కను పుట్టీతో నేలకు అతికించి, ముందు మూడున్నర లీటర్లు పోసి తడపండి. తర్వాత లోపల వేలి మందాన నీళ్లు నిలిచేలా చూసుకుంటూ 18 లీటర్లు పోసి, టైము పట్టండి. ఆ వలయంలో 18 లీటర్లంటే 255 మి.మీ. వాన పడ్డట్టు. మా వాకిట్లో అది 50 సెకన్లలో దిగిపోయింది. పక్కన ఎం20 మీద అదే చేస్తే నీళ్లు కదల్లేదు, చివరికి నేనే గుడ్డతో ఒత్తాను.

అయితే పైన తాగితే సరిపోదు, అడుగున ఎక్కడికి పోవాలి? కింద 200 మి.మీ. మందాన శుభ్రమైన 40 ఎం.ఎం. కంకర పరిపించాను. అందులో నూటికి నలభై వంతులు ఖాళీ అనుకుంటే 80 మి.మీ. నీళ్లు, పైపలకలో ఐదో వంతు ఖాళీకి ఇంకో 30. అంటే నేల ఒక్క చుక్క తాగకపోయినా 110 మి.మీ. వాన అక్కడే ఆగుతుంది. మాది ఇసుక నేల, త్వరగానే ఇంకుతుంది. ఒంగోలు దగ్గర మా చెల్లెలిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, నీరు వదలదు. అక్కడ కంకరలో చిల్లుల పైపు పెట్టి కాలవలోకి వదలమన్నాను, పునాదికి పదడుగుల దూరం ఉంచమన్నాను.

పోసిన 20 నిమిషాల్లో పాలిథిన్ కప్పేయండి, లోపలి తడిని ఆపేది అదే. పైపుతో నీళ్లు కొడితే పచ్చి సిమెంటు కడిగిపోతుంది. ఏడు రోజులు కప్పు తీయొద్దు, బండి ఎక్కించొద్దు. 150 మి.మీ. మందంలో బస్తాకు చదరపు మీటరు కంటే కాస్త తక్కువే వస్తుంది. నాకు పది బస్తాలు పట్టాయి.

ఇక ఏ పుస్తకంలోనూ నాకు కనబడని సమస్య మా అత్తయ్య. పొద్దున్నే కల్లాపి, దాని మీద ముగ్గు. పేడ పీచు, ముగ్గుపిండి ఆ చిల్లుల్లో కూర్చుంటే ఏడాది తిరిగేసరికి మామూలు గచ్చే. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. గడప ముందు మూడడుగుల పట్టీ ఎం20తో పోయించి, వాలు వీధి కాలవ వైపు ఇచ్చాను. ముగ్గు అక్కడ, కారు ఇక్కడ. వేపాకు రాలే నెలల్లో రోజూ ఊడుస్తా, వానలకు ముందు ఒకసారి ప్రెషర్ వాషర్‌తో కడిగిస్తా.