తెలుగు కనిపిస్తుంది కానీ కలవదు: కంప్యూటర్‌లో తెలుగు మొరాయిస్తే ఏం చూడాలి

మా ఊళ్లో ఎవరి కంప్యూటర్‌లో తెలుగు మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. పెళ్లికార్డు కావచ్చు, స్కూలు వార్షికోత్సవ సంచిక కావచ్చు, అపార్ట్‌మెంట్ నోటీసు కావచ్చు. అందరూ చెప్పేది ఒకటే: "ఫాంటు పోయిందండీ, మళ్లీ ఎక్కించాం, అయినా రావట్లేదు." ఫాంటు ఎక్కడికీ పోయి ఉండదు. చూడాల్సింది చూడకుండా ముందు ఫాంటు మీద పడతారు, అంతే.

ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు

నాలుగు మాటలు సెలెక్ట్ చేసి ఫాంటును నిర్మలా యూఐకి మార్చండి. తెలుగు తెలుగులాగే ఉంటే అది యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాలూ డాలర్ గుర్తులూ కలిసిన గందరగోళంగా మారితే, లేదా మొదటినుంచీ అలాగే ఉంటే, అది పాత డీటీపీ ఫాంటులో కొట్టిన మ్యాటర్. ఆ ఫైల్లో ఉన్నది నిజానికి తెలుగు కాదు, ఇంగ్లిష్ కోడ్‌లకు తొడిగిన తెలుగు బొమ్మలు. కొట్టినవాళ్ల దగ్గర ఆ ఫాంటు ఉంది కాబట్టి వాళ్లకు చక్కగా కనిపిస్తుంది. ప్రింటు తీసుకుంటే చాలనుకుంటే పీడీఎఫ్ పంపమనండి. మ్యాటర్‌తో పని ఉంటే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకోండి, మార్చాక వత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఓసారి చదవండి. అర నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా నెట్‌లో దొరికిన ఫాంట్లన్నీ ఎక్కించుకుని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

యూనికోడే అయి, పాత ఫైల్లోని గౌతమి ఫాంటు మాత్రం కొత్త కంప్యూటర్‌లో లేదంటే కంగారు అక్కర్లేదు. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి విడిగా వేసుకోవాలి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించుకుంటే వచ్చేస్తాయి.

"అమ్మ" అని కొడితే ఇంకేదో వస్తోంది

కీబోర్డు పాడవలేదు. విండోస్‌లో తెలుగు అని ఊరికే చేరిస్తే వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు. అందులో అక్షరాల చోట్లే వేరు: ఇంగ్లిష్ ఏ (A) కీ నొక్కితే ఓత్వం, ఎమ్ (M) నొక్కితే స. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొట్టే అలవాటుంటే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకోండి, 2019 నుంచి విండోస్ 10లోనే ఉంది. రెండిటి మధ్యా మారడానికి విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కాలి. అసలు తెలుగే రాకపోతే టాస్క్‌బార్ చివర ఏ భాష ఉందో చూడండి. ఇది కూడా చెప్పాలా అనుకోకండి, ఈ వారంలోనే రెండుసార్లు చెప్పాను.

వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి

వర్డ్‌లో బాగుండి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే విడిపోతే తప్పు మ్యాటర్‌ది కాదు, సెట్టింగ్‌ది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. పాత ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ కింద మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పెట్టి, కొత్త టెక్స్ట్ లేయర్‌లో మళ్లీ అతికించండి.

కళ్లముందే ఉంది, వెతికితే లేదంటోంది

నన్ను తెల్లవార్లూ కూర్చోబెట్టింది ఇదే.

మా బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఎక్సెల్‌లో రెండు జాబితాలు తయారయ్యాయి. ఒకదాంట్లో వచ్చేవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు. ఇంకోదాంట్లో ఏ ఊరివాళ్లకు ఎవరు ఫోన్ చేయాలో. ఒక జాబితాలోని మాటను ఇంకోదాంట్లో వెతికి కలిపే వీలుకప్ వేస్తే గుంటూరు, నెల్లూరు, కర్నూలు కలిశాయి. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ కలవలేదు. "తెలంగాణ ఊళ్లంటే నీ ఎక్సెల్‌కు పడదురా" అన్నాడు పక్కనున్న మిత్రుడు. కానీ నల్లగొండ, ఖమ్మం కలిశాయే! అనవసరపు స్పేస్‌లూ గుర్తులూ తీసేసే ట్రిమ్ వేశాను, క్లీన్ వేశాను, ఫాంటు మార్చాను. అవును, నేనే, ఫాంటు మార్చాను. ఏమీ మారలేదు. అర్ధరాత్రి దాటాక బుర్రకు తట్టింది: కలవని ఊళ్లన్నీ పొల్లుతో ముగిసేవే.

రెండు "హైదరాబాద్"లకూ అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ వేశాను. ఒకదానికి 9 వచ్చింది, రెండోదానికి 10. ఆ పదోది కంటికి కనిపించదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబరు 8204.

ఇదేమీ వైరస్ కాదు, తెలుగుకు కావలసిన సరుకే. యూనికోడ్‌లో వత్తులకు విడిగా కోడ్ ఉండదు. హల్లు, పొల్లు, ఆ వెనకే ఇంకో హల్లు వస్తే కంప్యూటర్ రెండోదాన్ని వత్తుగా మార్చేస్తుంది. "అక్క"కు అది సరిపోతుంది. "సాఫ్ట్‌వేర్"కు సరిపోదు, "సాఫ్ట్వేర్" అయిపోతుంది. పొల్లు తర్వాత ఈ కనపడని అక్షరం పెడితే "కలపకు, ఇక్కడ ఆగు" అని చెప్పినట్టు. మాట మధ్యలో దీనికి పని ఉంది. మాట చివర ఏ పనీ లేదు, అయినా తిష్ట వేస్తుంది. ఎలాగంటే, "హైదరాబాద్‌లో" అని ఉన్నచోట ఎవరో "లో" చెరిపేస్తారు, ఇది మిగిలిపోతుంది. కొన్ని టైపింగ్ టూల్స్ పొల్లు కనిపిస్తే చాలు, వెనకాలే దీన్ని తగిలిస్తాయి. వార్తల సైట్లలోంచి కాపీ చేసిన మ్యాటర్‌లోనైతే కుప్పలు.

పట్టుకోవడానికి లెన్ అక్కర్లేదు కూడా. మాట చివర కర్సర్ పెట్టి ఎడమ బాణం ఒకసారి నొక్కండి. కర్సర్ కదలకపోతే అక్కడ ఇది ఉన్నట్టే. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొట్టినా ఏమీ చెరగనట్టు కనిపిస్తుంది.

ఇక తీసేయడం. ఇక్కడ రెండోసారి చేతులు కాల్చుకున్నాను. దొంగ దొరికాడన్న ఉత్సాహంలో అదే సమ్మేళనం సంచిక మ్యాటర్ మొత్తంలోంచి దీన్ని ఒక్క దెబ్బకు తీసేశాను. ప్రింటయి వచ్చాక చూస్తే రాజ్‌కుమార్ కాస్తా "రాజ్కుమార్" అయ్యాడు. ఇప్పటికీ ఆ పేరుతోనే పిలిచి ఏడిపిస్తారు వాణ్ని. అందుకని, జాబితా వేరు, చదివే మ్యాటర్ వేరు.

జాబితా అయితే అసలు కాలమ్ జోలికి పోవద్దు. పక్కన ఇంకో కాలమ్ తెరిచి, సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో పాత టెక్స్ట్ స్థానంలో యూనికార్ 8204 ఇచ్చి, కొత్తదాని స్థానంలో ఖాళీ కోట్స్ పెట్టండి. రెండు జాబితాలకూ ఇదే చేసి, ఆ కాలమ్‌లతో వీలుకప్ వేయండి. ఒక్కదానికే చేస్తే మళ్లీ కలవవు, అదీ చేసి చూశాను. యూనికార్ ఎక్సెల్ 2013 నుంచే ఉంది.

చదివే మ్యాటర్ అయితే మాట చివర ఉన్నవే తీయాలి. వర్డ్‌లో ఖాళీ లైనులో 200 కొట్టి, పక్కనే ఇంగ్లిష్ సి కొట్టి (8204కే ఇంకో రూపం ఈ 200C), ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగూ మాయమై కనపడని అక్షరం మిగులుతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కి దాన్ని కాపీ చేయండి. మ్యాటర్‌ను నోట్‌ప్యాడ్‌లో పెట్టి, ఫైండ్ గడిలో దాన్ని అతికించి, వెంటనే ఒక స్పేస్ కొట్టండి. రీప్లేస్ గడిలో ఒట్టి స్పేస్ ఇవ్వండి. తర్వాత కామాతో, ఫుల్‌స్టాప్‌తో ఇదే పని చేయండి. లైను చివర మాటలు ఇందులో దొరకవు, వాటిని కర్సర్‌తో చూసుకోవాల్సిందే.

ఇది కూడా కాకపోతే సున్నాలు చూడండి. స్కాన్ చేసి తీసిన మ్యాటర్‌లో పూర్ణానుస్వారం ఉండాల్సినచోట తెలుగు అంకె సున్నా పడుతుంటుంది, చూపుకు రెండూ ఒకటే. ఐత్వం రెండు ముక్కలుగా పడి వెతుకులాటకు దొరకని ఫైళ్లు కూడా ఉంటాయి, నాకు ఒక్కసారే తగిలింది. ఆ మాట మళ్లీ కొట్టుకుంటే పోయింది.